ఆ పాటకి ముఖం లేదు!

యానిమే అభిమానుల నోట ఎక్కడ విన్నా అదే పాట. దుకాణాల్లో సీడీలు అమ్ముడైపోతున్నాయి. పాడింది ఇద్దరమ్మాయిలని తెలుసు. వాళ్లెలా ఉంటారో మాత్రం ఎవరికీ తెలీదు. ఆ ఇద్దరూ మర్నాడు పొద్దున్నే పుస్తకాల సంచీ తగిలించుకుని ఎంచక్కా బడికెళ్లిపోయేవారు! తమ పాట పక్క బెంచీలోంచి వినిపించినా ‘అది నేనే’ అని చెప్పుకునే వీల్లేదు. అదే ‘క్లారిస్’ జంట కథ. ఆ కథ వెంట వెళితే జపాన్‌లో మంచు కురిసే సప్పోరో నుంచి టోక్యో నడిబొడ్డున ఉన్న బుడోకాన్ దాకా ఓ చక్కటి యాత్ర అవుతుంది. పదండి మరి!

మంచు ఊళ్లో మొదలు

జపాన్‌కి ఉత్తరాన ఉన్న పెద్ద దీవి హొక్కైడో. దాని రాజధాని సప్పోరో. టోక్యో నుంచి విమానమెక్కితే గంటన్నర. విమానాశ్రయం నుంచి రైల్లో మరో నలభై నిమిషాలు. ఇరవై లక్షలకు కాస్త తక్కువ జనాభా ఉన్న ఈ నగరంలో ఏటా కురిసే మంచునంతా పేర్చితే దాదాపు ఐదు మీటర్ల ఎత్తు ఉంటుందట. ఊరి మధ్యలో కిలోమీటరున్నర పొడవున సాగే ఓదోరి పార్కు, దాని కొసన 147 మీటర్ల టీవీ టవరు. ఫిబ్రవరి తొలి వారంలో వెళితే ఈ పార్కంతా మంచు కోటలూ మంచు ఏనుగులే. లక్షలమంది వచ్చి చూసే ఈ మంచు పండగను మొదలుపెట్టిందెవరో తెలుసా? 1950లో ఇక్కడి స్కూలు పిల్లలు! పార్కులో పోగేసిన మంచుతో సరదాగా ఆరు బొమ్మలు చేశారు. అవే ఇంతింతై ఇంత పండగయ్యాయి.

ఈ ఊరికి ఇంకో చిత్రమైన గుర్తింపూ ఉంది. మనిషి లేని గాయని పుట్టింది ఇక్కడే. సప్పోరోలోని క్రిప్టన్ ఫ్యూచర్ మీడియా అనే సంస్థ 2007 ఆగస్టులో ‘హత్సునె మికు’ అనే సాఫ్ట్‌వేర్ విడుదల చేసింది. ఓ నటి గొంతులోంచి తీసుకున్న శబ్దాలతో తయారైంది అది. రాగం, మాటలు ఇస్తే చాలు... కంప్యూటరే పాడేస్తుంది. గొంతుకి తోడు నీలిరంగు జడల బొమ్మ. దాంతో వేలమంది కుర్రకారు ఇంట్లో కూర్చునే పాటలు కట్టి ‘నికో నికో డౌగా’ అనే వీడియో సైట్లో పెట్టేశారు. ముఖం లేకపోయినా పాటను ప్రేమించొచ్చని జపాన్ కుర్రకారుకి అలవాటు చేసింది మికూయే.

2009లో అదే సైట్లో ఇద్దరమ్మాయిల గొంతులు వినిపించాయి. క్లారా, ఆలిస్... రెండూ మారు పేర్లే. హొక్కైడో పిల్లలని మాత్రమే చెప్పుకొన్నారు. తమకిష్టమైన పాటల్ని పాడి పెట్టేవారు. ఆ గొంతులు సోనీ మ్యూజిక్ వాళ్ల చెవిన పడ్డాయి. 2010 అక్టోబరులో ‘ఐరనీ’ అనే పాటతో క్లారిస్ పేరిట తొలి సీడీ వచ్చేసింది. ‘ఒరెయిమో’ అనే యానిమే సీరియల్‌కి అది టైటిల్ సాంగ్. దాన్ని కట్టింది మికు పాటలతో పేరు తెచ్చుకున్న సంగీత దర్శకుడే. పాడిన పిల్లలకేమో అప్పటికి తొమ్మిదో తరగతి వయసు!

మరి చదువో? అక్కడే వచ్చింది చిక్కు. పాట మానక్కర్లేదు, బడీ మానక్కర్లేదు... ముఖం చూపించకపోతే చాలు అనుకున్నారు. ఫొటోలుండవు, టీవీ షోలుండవు. సీడీ అట్ట మీద ఇద్దరమ్మాయిల బొమ్మలుంటాయి. ఒకరికి చంద్రుడు గుర్తు, మరొకరికి సూర్యుడు. అంతే!

సప్పోరో వెళ్లినవాళ్లు ఇక్కడి ‘సూప్ కర్రీ’ రుచి చూడకుండా రాకూడదు. కూరని చారులా పలచగా కాచి, అందులో కోడికాలూ పెద్ద పెద్ద కూరగాయ ముక్కలూ వేసి, పక్కన అన్నం పెట్టిస్తారు. గడ్డకట్టే చలిలో ఆ ఘాటు తగిలితే మన ఇంటి చారు గుర్తొచ్చి తీరుతుంది.

తొంభై సెకన్ల పాట

ఇక టోక్యో. యానిమే అంటే ముందుగా వెళ్లాల్సింది అకిహబారా. రెండో ప్రపంచయుద్ధం తర్వాత రేడియో విడిభాగాల అంగళ్లతో మొదలైన పేట ఇది. తర్వాత టీవీలూ ఫ్రిజ్‌లూ, ఆనక కంప్యూటర్లూ, చివరికి యానిమే బొమ్మలూ సీడీలూ వచ్చి చేరాయి. అంతస్తులకి అంతస్తులు అవే దుకాణాలు.

యానిమే టైటిల్ సాంగ్‌కి టీవీలో దొరికేది సుమారు తొంభై సెకన్లే. ఆ కాస్తలోనే పల్లవి ఎత్తుకోవాలి, కథ మూడ్ చెప్పాలి, వారం వారం విన్నా విసుగు రాకూడదు. పూర్తి పాట కావాలంటే సీడీ కొనుక్కోవాల్సిందే. అందుకే గాయకులకి ఓ మంచి సీరియల్ దొరికితే అదృష్టం తలుపు తట్టినట్టే.

క్లారిస్‌కి ఆ అదృష్టం 2011 జనవరిలో ‘మడోకా మాజికా’ రూపంలో వచ్చింది. షాఫ్ట్ స్టూడియో తీసిన ఈ సీరియల్‌లో స్కూలు అమ్మాయిలు ఓ కోరిక తీర్చుకోవడానికి మాయాశక్తులు పుచ్చుకుంటారు. దానికి మూల్యం ఎంతో తర్వాతగానీ తెలీదు. చూడటానికి చిన్నపిల్లల కార్టూనే, లోపల పెద్ద విషాదం. దాని టైటిల్ సాంగ్ ‘కనెక్ట్’ ఆ జంట పేరుని ఊరూరా మోసుకెళ్లింది. సీరియల్ చివరి రెండు భాగాలు రావాల్సి ఉండగా మార్చి 11న భూకంపం, సునామీ వచ్చిపడ్డాయి. ప్రసారం ఆగిపోయింది. ఏప్రిల్లో ఆ భాగాలు వచ్చేసరికి, కష్టంలో ఉన్న వారిని వదలకూడదన్న ఆ కథ జపాన్ ప్రేక్షకుల్ని మరింత కదిలించింది.

సూర్యుడు లేని ఆకాశం

2014 వసంతానికి ఆ పిల్లల హైస్కూలు చదువు పూర్తయింది. జూన్‌లో ఆలిస్ సెలవు తీసుకుంది. పై చదువులకి వెళ్లిపోతానంది. బొమ్మలో సూర్యుడు మాయమైపోయాడు. జంటలో సగం పోతే జంట ఉంటుందా? అభిమానులు బెంగపడ్డారు. ఆ నవంబరులో కరెన్ అనే కొత్తమ్మాయి వచ్చింది. ఆమె గుర్తు పువ్వు. పాట సాగింది.

సొంతంగా తొలి కచేరీ చేసింది ఆ తర్వాతే. 2015 జులైలో, టోక్యో సముద్ర తీరాన ఓదైబాలోని ‘జెప్ టోక్యో’ హాల్లో. వేదిక ఎక్కారు గానీ ముఖాలు బయటపడనివ్వలేదు! ఓదైబాకి వెళ్లాలంటే డ్రైవరు లేని ‘యురికమొమె’ రైలెక్కండి. రెయిన్‌బో వంతెన మీదుగా మలుపులు తిరుగుతూ సముద్రం దాటిస్తుంది. ఆ హాలు మాత్రం ఇప్పుడు లేదు. 2022 జనవరి ఒకటిన మూతపడింది. పక్కనున్న 115 మీటర్ల జెయింట్ వీల్ కూడా ఆ ఏడాది ఆగస్టులో ఆగిపోయింది. ఆ ప్రాంతంలో 2025లో కొత్త క్రీడా ప్రాంగణం తెరిచారు.

ఉల్లిగడ్డ కింద ముసుగులు

ఇక చివరి మజిలీ. కుదన్‌షిత స్టేషన్లో దిగి మెట్లెక్కి, కందకం పక్కనే నడిస్తే తయాసు ద్వారం వస్తుంది. పాత ఎడో కోట గుమ్మం అది. మార్చి చివర్లో వెళితే కందకం పొడవునా చెర్రీ పూలే. ద్వారం దాటగానే ఎనిమిది పలకల కప్పు, దాని కొనన బంగారు రంగు గుండ్రటి కలశం... అదే నిప్పన్ బుడోకాన్. ఆ కలశాన్ని టోక్యో కుర్రకారు ముద్దుగా ‘ఉల్లిగడ్డ’ అంటారు! నారాలోని హోర్యూజీ ఆలయంలో ఉన్న ‘కలల మందిరం’ నమూనాలో 1964 ఒలింపిక్స్ జూడో పోటీల కోసం కట్టారు. 1966లో బీటిల్స్ పాడటానికొస్తే ‘యుద్ధవిద్యల గుడిలో రాక్ పాటలా?’ అని పెద్ద గొడవే జరిగింది. ఇప్పుడు బుడోకాన్‌లో పాడటమన్నది జపాన్‌లో ప్రతి గాయకుడి కల.

2017 ఫిబ్రవరిలో ఆ కల క్లారిస్‌కి తీరింది. క్లారా, కరెన్ ముసుగులు పెట్టుకుని పాడారు. ఆ కచేరీ పేరు ‘రెండు ముసుగులు, తప్పిపోయిన సూర్యుడు’. ఆ పేరు వింటే వెళ్లిపోయిన ఆలిస్ గుర్తురాకుండా ఉంటుందా?

పదేళ్లు నిండిన 2020లో ముసుగులు తీసేశారు. 2024లో క్లారా కూడా వీడ్కోలు చెప్పింది. 2025లో ఎల్లీ, అన్నా చేరడంతో జంట కాస్తా త్రయమైంది. పాట మొదలెట్టిన ఇద్దరిలో ఇప్పుడు ఒక్కరూ లేరు. పేరు మాత్రం ఉంది.

రేడియోలో సుశీల, జానకి పాటలు వింటూ పెరిగిన మనకి ముఖం చూడకుండా గొంతుని అభిమానించడం కొత్తేం కాదు. కానీ ఈ కథలో ముసుగు వ్యాపారానికే కాదు, ఇద్దరు పిల్లల బాల్యానికీ కాపలా కాసింది. పేరొచ్చిన పిల్లలకి ఆ పేరు ఇల్లు దాటనివ్వని సంకెల అవడం ఎన్నిసార్లు చూడలేదూ! ఆలిస్‌కి ఆ బాధ లేదు. వచ్చిన దారినే ఎవరి కంటా పడకుండా వెనక్కి వెళ్లిపోగలిగింది. మీరు ఓదోరి పార్కులో మంచు బొమ్మని ఫొటో తీస్తుంటే ఓ యువతి పక్కనుంచి నడిచి వెళ్లొచ్చు. అది ఆలిసే అయినా మీరు గుర్తుపట్టలేరు. పద్నాలుగేళ్ల వయసులో తీసుకున్న జాగ్రత్తకి అంతకన్నా పెద్ద బహుమతి ఏముంటుంది?