ముగిసినది, ముగియనిది

మదనపల్లెలో నేను ముప్పది యేండ్లు ఆంగ్లభాష బోధించితిని. పిల్లల వ్రాతలలో నా యెఱ్ఱసిరాకు మిక్కిలి పని కల్పించిన వాక్య మొక్కటి గలదు: 'ఐ హావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే.' ఇది వారి యశ్రద్ధ కాదు. 'నిన్న ఆయనకు జాబు వ్రాసియున్నాను' అని తెలుగున వ్రాసినచో నెవ్వరును తప్పుపట్టరు. ఆంగ్లము దాని నొప్పుకొనదు. 'నిన్న' యనియో '1919లో' ననియో ముగిసిన కాలమును పేర్కొన్నచోట సింపుల్ పాస్టునే వాడవలెను. కాలమును పేర్కొనక, జరిగినదాని ఫలము నేటికిని నిలిచియున్నదని చెప్పదలచినను, అప్పుడు మొదలైనది యిప్పటికిని సాగుచున్నదని చెప్పదలచినను ప్రెజెంటు పర్‌ఫెక్టు తగును.

తరగతిలో మా సీమ యూళ్లనే యుదాహరణములుగా జెప్పువాడను. రవీంద్రనాథ ఠాకూరు 1919లో మదనపల్లెకు 'కేమ్'; 'హాజ్ కమ్' అనరాదు. బిసెంటు థియసాఫికల్ కాలేజీ 1915 నుండి యిచట 'హాజ్ స్టుడ్'. అది నేడును నిలిచియున్నది గదా! 'హి హాజ్ గాన్ టు కుప్పం' అన్నచో నాత డింకను తిరిగి రాలేదు. 'హాజ్ బిన్' అన్నచో పోయి వచ్చినాడు. పిల్లలు నవ్వుచు నేర్చుకొనిరి. ఈ భేదము నాకు పూర్తిగా దెలియునని నేననుకొంటిని.

గతమాసమున పుంగనూరినుండి నా మేనకోడలు వచ్చెను. ఇంటర్మీడియటు కాగానే యామెకు వివాహమైనది, చదువు నిలిచిపోయినది. ఇప్పు డిద్దరు బిడ్డల తల్లి. మరల చదువుకొనుటకై యాంగ్లమున వ్రాసిన యర్జీని నాకు జూపెను.

'ఐ హావ్ స్టాప్ట్ మై స్టడీస్ ఇన్ 2009.' సంవత్సరము పేర్కొన్నది గనుక 'హావ్' కొట్టివేసితిని. తరువాతి వాక్యము: 'ఐ వాంటెడ్ టు స్టడీ సిన్స్ దెన్.' ఇచట 'హావ్' చేర్పవలెను. ఒకచోట దీసినది మఱియొకచోట బెట్టవలసివచ్చెను. కారణము వివరింపబోయి, "అమ్మా, ఆ కోరిక అప్పటితోనే పోయినదా? నేటికిని ఉన్నదా?" అని యడిగితిని.

"ఒక్కనాడును పోలేదు, మామయ్యా" అని తల వంచుకొనెను.

నా కలము కదలలేదు. ఆమె పెండ్లిమాటల నాడు నేనచటనే యుంటిని. 'పిల్లను మఱి మూడేండ్లు చదువనిండు' అని చెప్పదగిన వాడను నేనొక్కడనే. చెప్పలేదు. తెలుగున 'చెప్పలేదు' అను మాట యానాటి మౌనమునకును, నేటివఱకు సాగిన మౌనమునకును చాలును. అందు నేను సుఖముగా దాగియుంటిని. ఆంగ్లమున రెంటిలో నొకటి యెన్నుకొనక తప్పదు. 'డిడ్ నాట్ స్పీక్' అన్నచో నానాటి పొరపాటు మరల దిద్దరానిది. 'హావ్ నాట్ స్పోకెన్' అన్నచో ఇంకను చెప్పవచ్చును.

ఆ సాయంకాలమే యామెతో పుంగనూరికి బోయి, ముందుగా నా తప్పు నామెయెదుట నొప్పుకొంటిని. పిదప నామె భర్తతోను, అత్తగారితోను మాటాడితిని. భర్త సమ్మతించెను. అత్తగా రౌననలేదు, కాదనియు ననలేదు. మఱునాడు అర్జీ టపాలో వేసితిమి.

మన యిండ్లలో 'ఆమె చదువు ఎప్పుడో ముగిసినది' అని యెంత తేలికగా ననుచున్నాము! చదువరులారా, ఆ మాట వ్రాయుటకు ముందు ఆమెనే యొకమా రడుగుడు.