పాత కొలతకు విడిభాగం

కొలిచే వస్తువు పాడవడం వేరు, మిగతా వస్తువులు పాడవడం వేరు. బోరు మోటారు కాలిపోతే నీళ్లు రావు, వెంటనే తెలిసిపోతుంది. సైకిలు చైను తెగితే బండి ఆగిపోతుంది. కొలత మాత్రం పాడయ్యాక కూడా పని చేస్తూనే ఉంటుంది. పిడి తిప్పిన ప్రతిసారీ గింజో పొడో పడుతుంది, ఎంత పడుతోందన్నదే మారిపోతుంది. అందుకే పాత కొలత పరికరానికి సరైన విడిభాగం వెతికేవాళ్లంటే నాకు గౌరవం. అది తుపాకి మందు కొలిచే పరికరమైతే ఆ వెతుకులాట ప్రాణాలకు సంబంధించిన పని.

మా ఆమడగూరు పక్క తుపాకి మందు వింత వస్తువేమీ కాదు. శెనక్కాయ చేలల్లో అడవిపందులు పడితే రాత్రికి రాత్రి మడి మడంతా దున్నేసినట్టవుతుంది. పంట కాపలాకు నోటి గుండా మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చని 1959 ఆయుధాల చట్టంలోనే ఉంది. మా ఊరి పక్కన ఒక పెద్దాయన దగ్గర అలాంటిది ఉండేది. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా దాన్ని స్టేషన్లో డిపాజిట్ చేసి, అయిపోయాక తెచ్చుకునేవాడు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అడవిపందిని కూడా అనుమతి లేకుండా చంపకూడదు గనుక, ఆ తుపాకి చప్పుడుకే మిగిలింది. ఆ చప్పుడుకైనా ఆయన మందును చేతి అంచనాతో పోసేవాడు కాదు. వేలెడంత ఇత్తడి గొట్టం ముక్క, అడుగు మూసినది, తాడు కట్టి తుపాకికే వేలాడదీసేవాడు. అది కనబడకపోతే ఆ రాత్రికి తుపాకి తీయడు. డబ్బా పట్టుకొని కేకలు పెట్టి పందుల్ని తోలేవాడు. ఎందుకని అడిగితే, "కంటి కొలత నమ్ముకుంటే కన్నే పోతాదప్పా" అన్నాడు.

ఒహాయోలో ఉండే మా చిన్నాన్న కొడుకు ఫోన్లో ఒక పాత యంత్రం బొమ్మ పంపినప్పుడు నాకు ఆ మాటే మనసులో మెదిలింది. వాడు అక్కడ గురి పోటీలకు వెళ్తుంటాడు. కాల్చిన తూటా ఇత్తడి డొప్పను పారెయ్యకుండా మళ్లీ నింపుకోవడం అక్కడ చాలామందికి అలవాటు. మన దేశంలో తూటా తయారీకి లైసెన్సు కావాలి. అమెరికాలో సొంత వాడకానికి ఇంట్లో బల్ల మీదే నింపుకుంటారు. ఒక ముసలాయన సామాన్లు అమ్ముతుంటే వీడు డొప్పలు నింపే పాత ప్రెస్సు ఒకటి, దానితో పాటు లైమన్ కంపెనీ 55వ నంబరు మందు కొలపాత్ర కొన్నాడు. ప్రెస్సు రాయిలా ఉంది. కొలపాత్రలో మాత్రం ఒక స్లైడూ, దాన్ని బిగించే మరా లేవు.

ఆ పరికరం పనితీరు చూడటానికి సులువే. పైన మందు పోసే గొట్టం, కింద అడ్డంగా తిరిగే ఇనుప డ్రమ్ము, డ్రమ్ములో ఒక గుంత. పిడి ఒకవైపు తిప్పితే గుంత మందుతో నిండుతుంది, రెండోవైపు తిప్పితే ఆ మందు సన్నటి గొట్టం గుండా డొప్పలోకి జారుతుంది. గోడలకు అంటుకున్న పలుకులు రాలిపోవడానికి పక్కన బుల్లి సుత్తి లాంటిది కూడా ఉంటుంది. గుంత సైజు మార్చడానికి లైమన్‌లో మూడు స్లైడ్లు పెట్టారు.

మూడెందుకో తెలియాలంటే మన పడిని గుర్తు చేసుకుంటే చాలు. వెడల్పు మూతి ఉన్న పడిలో తలకొట్టేటప్పుడు చెయ్యి కాస్త అటూ ఇటూ అయితే గుప్పెడు గింజలు తేడా వస్తాయి. అదే పరిమాణంలో మూతి ఇరుకుగా, లోతుగా ఉంటే తేడా వేళ్ల సందుల్లో పట్టేంతే. మందు గుంత కూడా అంతే. కొంచెం మందు కావాలంటే గుంతను వెడల్పుగా, పల్చగా పెట్టకూడదు, ఇరుకుగా, లోతుగా పెట్టాలి. అప్పుడు ప్రతిసారీ ఒకేలా పడుతుంది. ఆ మూడింట్లో ఒక స్లైడు పోయిందంటే ఆ కచ్చితత్వమంతా పోయినట్టే.

వాడు ముందు నన్ను అడిగింది, హిందూపురంలో లేతు పని వాళ్లతో చేయించగలమా అని. తూమకుంట పారిశ్రామికవాడ వైపు తెలిసిన ఒక మేస్త్రీకి బొమ్మలు చూపించాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకొని చాలాసేపు చూశాడు. డబ్బాలోంచి 4 మిల్లీమీటర్ల మర ఒకటి తీసి, "పాత అమెరికా సామాన్లలో 8-32 మర ఎక్కువగా ఉంటాది. ఇది దాంట్లోకి ఒకటి రెండు చుట్లు పోతాది, తర్వాత పట్టేస్తాది. బలవంతం చేస్తే లోపలి చుట్లన్నీ పాడైతాయి" అన్నాడు. "పిడి అడుగు, చేసిస్తా. మందు తాకే ముక్క మాత్రం అసలుది చూడకుండా చెయ్యను" అని తేల్చేశాడు. ఈ మాటతోనే నాకు విషయం అర్థమైంది. కొలపాత్రలో రెండు రకాల భాగాలున్నాయి. పిడి, మూత, బల్లకు బిగించే పట్టీ ఎవరు చేసినా పని జరుగుతుంది. మందును తాకే డ్రమ్ము, స్లైడు మాత్రం దానివే కావాలి.

అవి దొరకడం కష్టం కావడానికి కంపెనీల చరిత్రే కారణం. జాన్ బార్లో 1884లో మొదలుపెట్టిన ఐడియల్ కంపెనీ పనిముట్లు 1925లో లైమన్ చేతికి వచ్చాయి. 55వ నంబరు ఆ వంశంలోదే. పసిఫిక్ కంపెనీ హోర్నడీలో కలిసిపోయింది. మిన్నెసోటాలోని హెర్టర్స్ మూతబడింది. పేరు మారిన ప్రతిసారీ అచ్చులూ మరలూ కాస్త మారుతాయి. వెతికేవాళ్లకు కలిసొచ్చేది ఒక్కటే. ప్రెస్సులో డైలు, అంటే డొప్పను మలిచే అచ్చులు, బిగించే రంధ్రం అంగుళంలో 7/8 వంతు వ్యాసం, అంగుళానికి 14 చుట్లు అని చాలా కంపెనీలు ఒక్క మాట మీద నిలబడ్డాయి. అందుకే తాతల నాటి ప్రెస్సు మీద ఈనాటి డై కూర్చుంటుంది. కొలపాత్ర కడుపుకు మాత్రం అలాంటి ఉమ్మడి ఒప్పందం లేదు. చివరికి విరిగిపోయిన మరో 55 దొరికితే మా వాడు అందులోంచి స్లైడు, మర తీసుకున్నాడు.

స్లైడు దొరికిందని పండగ చేసుకోలేదు వాడు. ప్రతి కొలతనూ తక్కెడలో పెట్టి తూచాడు. మందును గ్రెయిన్లలో తూస్తారు. పౌనుకు 7000 గ్రెయిన్లు, అంటే ఒక గ్రెయిను సుమారు 65 మిల్లీగ్రాములు. అందులో పదో వంతు తేడా కూడా వాళ్లు రాసుకుంటారు. ఇది చాదస్తం కాదు. 1884లో ఫ్రాన్సులో పాల్ వియె పొగరాని మందు తయారు చేశాక, పాత నల్ల తుపాకి మందు పోసినంత పరిమాణంలో కొత్త మందు పోసి తుపాకులు పేలిపోయిన ప్రమాదాలున్నాయి. షాట్‌గన్ తూటాల పెట్టెల మీద ఇప్పటికీ ఆ నల్ల తుపాకి మందు కాలపు డ్రామ్ లెక్క అచ్చవుతోంది. ఆ అంకె పాత బలంతో పోల్చి చెప్పేదే తప్ప, కొత్త మందును అంత పొయ్యమని కాదు. నల్ల తుపాకి మందుకు నిప్పురవ్వ చాలు గనుక ప్లాస్టిక్ గొట్టం వాడకుండా, స్థిరవిద్యుత్తు పట్టని లోహపు గొట్టం వాడతారు. మందు రాత్రంతా గొట్టంలో ఉంచితే పొద్దున ఏ మందో మరిచిపోవచ్చు, అందుకని పని అయిన వెంటనే డబ్బాలోకి తిరిగి పోస్తారు.

ఈ జాగ్రత్త ఒక్క తుపాకి మందుకే పరిమితం కావాలని నేను అనుకోను. బజారులో తూకం రాళ్లకు, తక్కెడలకు తూనికలు కొలతల శాఖ వాళ్లు ఎప్పటికప్పుడు ముద్ర వేసేది ఇందుకే. మన ఇళ్లల్లో అటక మీద పడున్న పాత పరికరాలకు కూడా ఇదే వర్తిస్తుంది. కొలతకు సంబంధించిన చిన్న ముక్క దొరికితే పనికిరానిదని విడిగా అమ్మెయ్యకండి. అది ఏ యంత్రానిదో ఒక చీటీ రాసి దానికే కట్టి ఉంచండి. సరిపోలేదని ఆకురాయితో గీకకండి. అరిగిన చోటు చూసి సరిచేసేవాడికి ఆ అరుగుదలే ఆధారం. దొరికిన ముక్క ఎంత పాతదైనా పరవాలేదు, బిగించిన రోజే అది ఇచ్చే కొలతను తక్కెడలో తూచి చూడండి. మా పెద్దాయనకు ఆ ఇత్తడి గొట్టం మీద ఉన్న నమ్మకం ఊరికే రాలేదు, కొలిచి చూసుకున్నాకే వచ్చింది.