పంచె మీద మరక

బైపాస్ అంటే గుండెకే అనుకునేదాన్ని. కాలికీ ఉంటుందని మా మామగారి వల్ల తెలిసింది. షుగరు, దానికి తోడు నలభై ఏళ్ళ చుట్ట. రక్తం అందక కాలి వేలు నల్లబడింది. ఆయన కాలి సిరనే తీసి గజ్జల దగ్గర్నుంచి మోకాలి కిందికి కొత్త దారిగా కుట్టారు. ప్లాస్టిక్ గొట్టం కన్నా సొంత సిర ఇన్ఫెక్షన్‌కి బాగా తట్టుకుంటుందట.

ఇంటికొచ్చిన పది రోజులకి, ఉతకడానికి వేసిన పంచె మీద పసుపుపచ్చ మరక కనబడింది. అడిగితే "ఏం లేదమ్మా" అన్నారు. గజ్జల్లో కుట్టు కోడలికెలా చూపిస్తారు? అత్తయ్యకేమో చూపు ఆనదు. మా వారిని ఆఫీసు నుంచి రప్పించి చూడమన్నాను. కుట్టు రెండంగుళాలు విచ్చుకుని ఉంది, లోపలంతా చీము.

ఇలాంటి ఆపరేషన్లలో ఎక్కువగా చీము పట్టేది గజ్జల్లోనేనట. మడత, చెమట, తడి. ఆ చీము లోపలి నాళాన్ని చేరితే కుట్టు తెగి రక్తం చిమ్మవచ్చు, కాలే కాదు ప్రాణమూ పోవచ్చు అన్నారు డాక్టరుగారు. స్కాన్ రిపోర్టు వచ్చేదాకా మా వారు కుర్చీలో కూర్చోలేదు. అదృష్టం, అంత లోతుకి పోలేదు.

చీముని కల్చర్‌కి పంపి, చచ్చిన కండ తీసేసి, పుండులో స్పాంజి పెట్టి పైన ప్లాస్టిక్ పొర అంటించారు. దానికో గొట్టం, గొట్టానికో చిన్న మిషను. తడినంతా పీల్చేస్తూ ఉంటుంది. రెండు మూడు రోజులకోసారి స్పాంజి మార్చాలి. గొట్టంలో ఎర్రటి రక్తం కనబడితే మాత్రం మిషను ఆపి, కట్టు విప్పకుండా గట్టిగా అదిమిపట్టి ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆ ఒక్కమాట కాగితం మీద రాసి గోడకి అంటించాను.

ఇక తిండి సంగతి. పప్పు తింటే చీము పడుతుందని చూడటానికొచ్చిన ప్రతివారూ చెప్పేవారే! పుండు పూడాలంటే పప్పు, గుడ్లు, పెరుగు బాగా పెట్టమని డాక్టరుగారు. అత్తయ్య గుడ్డుకి ఒప్పుకున్నారు, కందిపప్పుకి ససేమిరా అన్నారు. పెసరకట్టు దగ్గర రాజీ కుదిరింది.

పుండు పూడటానికి ఆరు వారాలు పట్టింది. ఇప్పుడు రోజూ సాయంత్రం మా వారు ఇంట్లో అడుగుపెట్టగానే, "ఒరేయ్, లైటు తెచ్చి చూడరా" అని ఆయనే పిలుస్తారు.