దుబాయి నాలుగు గంటలే గాని...

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో మేము దర్శించు గ్రామములలో, బిడ్డలు దుబాయిలో పనిచేయుచున్న ఇండ్లున్నవి. "దుబాయి ఎంత దూరమయ్యగారూ?" అని తల్లులు మమ్మును అడుగుదురు.

హైదరాబాదు నుండి ఆకాశమార్గమున సుమారు 2,550 కిలోమీటర్లు. నేరుగా వెళ్ళు విమానము సుమారు నాలుగు గంటలలో చేరును. తిరిగి వచ్చునప్పుడు మూడున్నర గంటలే పట్టవచ్చును. పైయెత్తున పడమటి నుండి తూర్పునకు వీచు గాలి విమానమునకు తోడగుటయే అందుకు కారణము.

టికెట్టుపై ఏ ఊరి సమయము ఆ ఊరిదే వేయుదురు. దుబాయి గడియారము మనకంటె గంటన్నర వెనుక. ఇక్కడ ఉదయము 10 గంటలకు బయలుదేరినవారు అక్కడ పన్నెండున్నరకు దిగుదురు. అప్పుడు మనకు మధ్యాహ్నము 2 గంటలు. అక్కడ రాత్రి 10 గంటలకు ఎక్కినవారు ఇక్కడ తెల్లవారుజామున 3 గంటలకు దిగుదురు. టికెట్టులో 15వ తేది 00.30 అని యున్నచో, అది 14వ తేది రాత్రి పన్నెండు దాటిన అరగంట. 15న రాత్రి వెళ్ళినవారికి విమానముండదు.

ఇక నేలమీద దూరము చూడుడి. జనగామ నుండి హైదరాబాదు సుమారు 85 కిలోమీటర్లు. మహబూబాబాద్ వారు రైలులో కాజీపేట మీదుగా సుమారు 200 కిలోమీటర్లు రావలెను. భూపాలపల్లి వారు రేగొండ, పరకాల, హన్మకొండ మీదుగా బస్సులో వచ్చుటకే అయిదారు గంటలు పట్టును. పూర్వము బేగంపేటలోనున్న విమానాశ్రయము 2008 మార్చిలో శంషాబాదుకు మారినందున నగరము దాటి ఇంకొక గంటకు పైగా ప్రయాణము. విదేశములకు పోవువారు మూడు గంటలు ముందుగా చేరవలెను. భూపాలపల్లి వారికి విమానములో గడుపు కాలముకంటె అక్కడికి చేరు కాలమే ఎక్కువ!

ఈ లెక్క దుఃఖసమయములో మరింత అవసరము. తండ్రి మరణించినప్పుడు, "నాలుగు గంటలే కదా, కొడుకు ఉదయమే వచ్చును" అని బంధువులు భూస్థాపనకు 9 గంటలు నిర్ణయింతురు. అతడు 3 గంటలకు దిగినను, పాస్‌పోర్టు తనిఖీ, సామాను అయి బయటికి వచ్చుటకు గంట పట్టవచ్చును. అటుపిమ్మట కారులోనైనను భూపాలపల్లి దారి సుమారు అయిదు గంటలు. ఎక్కడ కొంచెము ఆలస్యమైనను తండ్రి ముఖము చూడకుండ పోవును. గనుక విమానము దిగు వేళ తెలిసికొని, ఊరు చేరు వేళ లెక్కించి, మరి రెండు గంటలు కలిపి ప్రకటించుడి. సంఘమువారు ఆ కొద్దిసేపు ఓర్చుకొందురు. బిడ్డకు ఆ కడసారి చూపు మరల దొరకదు.