జేజి పెట్టెలో దొరికిన ఉత్తరం

జమ్మలమడుగు దగ్గర పల్లెలో ఉంటున్న మా మామ ఒకనాటి రాత్రి ఫోను చేశాడు. పాత మిద్దె పడగొట్టుచుండగా మా జేజి పెట్టె బయటపడిందట. అందులో మా అబ్బ మిలిటరీ నుండి వ్రాసిన ఉత్తరం ఒకటి ఉన్నదట, వచ్చి తీసుకొనిపొమ్మన్నాడు. మేము వెంటనే నమ్మలేదు. అబ్బ ఉత్తరాలన్నీ ఎప్పుడో చెదలు తిన్నాయని మా ఇంట్లో అందరమూ అనుకొంటూ వచ్చాము. అయినా ఆ శనివారం తెల్లవారకముందే అన్నదమ్ములము ఇద్దరమూ కర్నూలులో బస్సెక్కాము.

ఓర్వకల్లు రాతి గుట్టలు దాటి, పాణ్యం మీదుగా నంద్యాల చేరేసరికి ఎండ చురుక్కుమంటున్నది. అక్కడ రైలెక్కాము. నంద్యాల నుండి ఎర్రగుంట్లకు ఈ రైలు మార్గం 2016లో గాని పూర్తి కాలేదు. మా చిన్నతనంలో దాని పేరు ఎన్నికలప్పుడు మాత్రమే వినబడేది. బనగానపల్లె, కోవెలకుంట్ల, సంజామల, నొస్సం మీదుగా జమ్మలమడుగు పోతుంది. మా జేజి మెట్టినిల్లు కోవెలకుంట్ల పక్కన, పుట్టినిల్లు జమ్మలమడుగు పక్కన. అంటే 1943లో తొలికాన్పుకు ఆమె ఎద్దుల బండిలో పోయిన దారి వెంబడే ఇప్పుడు మేము కిటికీ పక్కన కూర్చొని పోతున్నామన్న మాట. ఆనాడు బండికి రెండు రోజుల ప్రయాణము. వానాకాలమైతే ఈ నల్లరేగడిలో చక్రం దిగబడి అక్కడే నిలిచిపోయేది. ఎండాకాలమైతే నేల నెర్రెలిచ్చి బండి ఎగిరెగిరి పడేది.

అబ్బ 1941లో సైన్యంలో చేరాడు. దేశభక్తి కొద్దీ చేరలేదు. ఆ మాట ఆయనే చెప్పేవాడు. మా పెద్దలకు సెంటు భూమి లేదు. వాన వస్తే కూలి, రాకపోతే పస్తు. పటాలంలో నెలనెలా జీతం, కాళ్ళకు బూట్లు, మూడు పూటలా తిండి. ఆ యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యంలో ఇంచుమించు 25 లక్షల మంది ఉన్నారు. వారిలో మన రాయలసీమ పల్లెల నుండి కరవు తరిమితే పోయినవారు ఎందరో. అబ్బతో పాటు గోడ అవతలి ఇంటి ఆయన కూడా చేరాడు. ఇద్దరూ 1942లో ఒకే సెలవులో వచ్చి, ఒకే రోజు తిరిగి వెళ్ళారు. ఆ తరువాత రెండిళ్ళలోనూ కోడళ్ళు నీళ్ళు పోసుకొన్నారు.

ఉత్తరాలు వచ్చేవి. అయితే ఆ రోజులలో సిపాయి ఉత్తరం ఎన్ని చేతులు మారేదో తెలుసుకొంటేనే తక్కిన సంగతి అర్థమవుతుంది. తాను ఎక్కడ ఉన్నదీ వ్రాయరాదు, పటాలపు పోస్టాఫీసు నంబరు మాత్రమే. ముందుగా అధికారులు చదివి, వద్దన్న మాటలు కొట్టివేస్తారు. తరువాత ఊరికి వస్తుంది. తాతకు చదువు రాదు గనుక బడి అయ్యవారిని పిలిపించి అరుగు మీద కూర్చోబెడతారు. అన్నదమ్ములు, ఇరుగుపొరుగు అందరూ చుట్టూ చేరతారు. అయ్యవారు గొంతెత్తి చదువుతాడు. ఎవరి కొరకు వ్రాశాడో ఆ మనిషి తలుపు చాటున నిలబడి వినాలి. ఇంతమంది మధ్య భార్యకు ఏమి వ్రాయగలడు? పేరు పెట్టి పలుకరించడం కూడా మర్యాద కాదు. గనుక ప్రతి ఉత్తరమూ తండ్రికే.

రైలులో మా ఎదుట ఒక పడుచు జవాను కూర్చున్నాడు. సంజామల పక్క పల్లెవాడు, సెలవు మీద ఇంటికి పోతున్నాడు. భార్యకు ఏడో నెల. బనగానపల్లె దాటేలోపే రెండుసార్లు ఫోనులో ఆమెను చూచుకొంటూ మాట్లాడాడు. మేము విననట్టు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాము. మేము వెళ్ళే పని తెలిసి, “ఉత్తరం వచ్చేదాకా ఎట్ల ఓర్చుకొన్యారో అన్నా ఆ కాలం వాళ్ళు” అన్నాడు. తన కొండ మీద గాలివాన వస్తే ఫోను అందదనీ, అటువంటి మూడు రోజులు గడిచేసరికి మనసు నిలువదనీ చెప్పాడు.

అతడే కార్గిల్ మాట ఎత్తాడు. హైదరాబాదు కుటుంబానికి చెందిన మేజర్ పద్మపాణి ఆచార్యను మన పాఠకులలో పెద్దలు మరచిపోయి ఉండరు. రాజపుతానా రైఫిల్స్ రెండవ పటాలం. 1999 జూన్ 28 రాత్రి ద్రాస్ కొండలలో శత్రువుల బంకర్ల మీదికి తన దళాన్ని నడిపిస్తూ ప్రాణమిచ్చాడు. మరణానంతరం ఆయనకు మహావీర చక్ర ఇచ్చారు. అప్పటికి ఆయన భార్య చారులత గర్భవతి. చనిపోవడానికి కొద్ది రోజుల ముందు ఆయన తండ్రికి వ్రాసిన ఉత్తరం ఆ తరువాత పత్రికలలో వచ్చింది. చారుకు రోజుకొక కథ మహాభారతం నుండి చెప్పండి, మీ మనుమడో మనుమరాలో మంచి గుణాలతో పుడతారు అని అందులో కోరాడు. ఆ కొండ మీద, తుపాకుల మోతలో, ఆయన మనసు హైదరాబాదు ఇంటిలో తండ్రీ కోడలూ కూర్చున్న గదిలో ఉన్నది. కడుపులోని బిడ్డ వింటుందనే ఆ తలంపు మనకు కొత్తదేమీ కాదు. మరియ వందనం విన్నప్పుడు ఎలీసబెతు గర్భంలోని శిశువు గంతులు వేసిన సంగతి లూకా మొదటి అధ్యాయంలో చదువుతూనే ఉన్నాము.

మాకు తోచినది మరొకటి. ఆయన చదువుకొన్న అధికారి. భార్యకు ఎన్నైనా ఉత్తరాలు వ్రాయగలడు. అయినా ఆమెను ఎవరి చేతిలో పెట్టాలో వారికే ఆ మాట వ్రాశాడు. ఆయన పోయిన కొన్ని నెలలకు ఆడబిడ్డ పుట్టింది. అపరాజిత అని పేరు పెట్టారు. ఓటమి ఎరుగనిది అని అర్థం. 1 సమూయేలు 4వ అధ్యాయంలో ఏలీ కోడలు కూడా నిండు గర్భిణియే. ఫీనెహాసు యుద్ధంలో హతుడైన వార్త వినగానే నొప్పులు వచ్చి, కొడుకును కని, ఈకాబోదు అని పేరు పెట్టి కన్ను మూసింది. ఆ పేరుకు మహిమ లేదని అర్థం. ఒకే దుఃఖంలో పుట్టిన ఇద్దరు బిడ్డలకు ఎంత వేరైన పేర్లు! ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలో కొత్తగా పెండ్లి చేసికొన్నవాడు సంవత్సరంపాటు సేనకు పోరాదనీ, ఇంటనే ఉండి భార్యను సంతోషపెట్టవలెననీ ఒక కట్టడ ఉన్నది. ఆ సంవత్సరంలో ఏమేమి జరుగుతుందో సంసారులకు విప్పి చెప్పనక్కరలేదు. నేటి సైన్యాలలో అటువంటి కట్టడ ఉన్నట్లు మేము వినలేదు.

సంజామలలో ఆ జవాను దిగిపోయాడు. జమ్మలమడుగులో మామ మోటారు సైకిలుతో కాచుకొని ఉన్నాడు.

పెట్టె చిన్నది, రేకుది. అందులో ఒక రవిక గుడ్డ, కొడుకు బాప్తిస్మపు చీటి, మడతపెట్టిన ఉత్తరం. సిరా గోధుమరంగుకు తిరిగింది. నాయనకు వందనాలు, అమ్మకు వందనాలు, సంఘంలో పెద్దలందరికీ పేరుపేరునా వందనాలు అని సగం కాగితం వాటితోనే నిండింది. తరువాత జీతం ఎంత పంపినదీ, ఎవరి బాకీ తీర్చవలసినదీ. అడుగున ఇవి:

“మీ కోడలిని ఏటి చెలమ నీళ్ళకు పంపవద్దు. తమ్ముణ్ణి పంపవలెను. ఎనుము పాలు ఈ నాలుగు నెలలు అమ్మవద్దు. కాన్పుకు తీసుకొనిపోవునప్పుడు బండిలో జొన్నసొప్ప దండిగా పరచవలెను. నొప్పులు ఎక్కువైతే జమ్మలమడుగు దొరల ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. ఖర్చుకు వెనుకాడవద్దు.”

అంతే. ఆసుపత్రి అంటే లండను మిషను వారు స్థాపించిన కాంబెల్ ఆసుపత్రి. మా నాయన అక్కడే పుట్టాడు.

ఈ ఉత్తరం చదివిన రోజున అరుగు మీద నవ్వులు వినబడ్డాయని జేజి మాకు చిన్నప్పుడు చెప్పింది. ఎనుము పాల సంగతి సముద్రం అవతల నుండి వ్రాస్తాడా అని మరుదులు ఎగతాళి చేశారట. మామగారు మాత్రం నవ్వలేదట. బండి కదిలే పూట ఆయన ఆ కాగితాన్ని ఏమీ మాట్లాడకుండా కోడలి చేతిలో పెట్టాడట. దానిలో ఏమున్నదో తానే చూచుకోవాలని ఆమె తరువాత ఉపదేశిగారి భార్య దగ్గర అక్షరాలు నేర్చుకొన్నది. బైబిలు చదవడానికి నేర్చుకొన్నానని సంఘంలో చెప్పుకొనేది. అదీ నిజమే అనుకోండి.

“మరి ఉత్తరం ఇక్కడెందుకు వదిలిపెట్టింది మామా?” అని అడిగాము.

మామ చాలాసేపటికి చెప్పాడు. ఆయన తల్లి ఆయనకు చెప్పినది. 1943లో, జేజి ఇంకా పురిటి మంచం మీద ఉండగానే, గోడ అవతలి ఇంటికి సర్కారు కాగితం వచ్చింది. బర్మా సరిహద్దున అరకానులో ఆయన పోయాడు. శవం దొరకలేదు. రంగూను ఊరి బయట సమాధి లేని అటువంటి వారి కొరకు కట్టిన రాతి మంటపంలో సుమారు 27,000 పేర్లు చెక్కి ఉన్నాయి. ఆ ఇంటి ఆమె అప్పటికి ఎనిమిదో నెల. జేజి బిడ్డనెత్తుకొని తిరిగి పోయేనాడు ఉత్తరాన్ని పుట్టింట పెట్టెలో పెట్టి, “ఆ యమ్మ పక్కన ఉండంగ దీన్ని యాడ దాచిపెట్టి చదువుకొనేదిమ్మా” అన్నదట. ఏడాదికొకసారి పుట్టింటికి వచ్చినప్పుడు తీసి చదువుకొని మళ్ళీ అక్కడే పెట్టేది. అబ్బ 1946లో తిరిగి వచ్చిన తరువాత కూడా అంతే. అప్పటికి మూడేండ్లవాడైన మా నాయన, ఎవరో మిలిటరీ ఆయన వచ్చాడని గాదె వెనుక దాగుకొన్న సంగతి మాత్రం ఇంటిల్లిపాదీ ఎప్పుడూ చెప్పుకొనేవాళ్ళం.

మరునాడు ఆరాధన ముగించుకొని, ఉత్తరాన్ని బైబిలులో పెట్టుకొని తిరుగు రైలెక్కాము. కోవెలకుంట్ల దగ్గర కుందూ వైపు చూస్తే ఎండిన ఇసుకలో గేదెలు పడుకొని ఉన్నాయి.

రాత్రికి ఇల్లు చేరి నాయన చేతికి ఇచ్చాము. ఎనభై దాటిన మనిషి. అద్దాలు పెట్టుకొని, వేలు పెట్టి, వందనాల దగ్గర నుండి వరుసగా చదివాడు. అడుగుకు వచ్చి ఆగాడు.

“ఎనుము పాలు అమ్మినారంటనా?” అన్నాడు.

“అమ్మలేదనే జేజి చెప్పేది నాయనా.”

అద్దాలు తీసి తుడుచుకొని, మళ్ళీ మొదటి నుండి చదవసాగాడు.