పెళ్లి వీడియో మొరాయిస్తే

‘వీడియో ఆడట్లేదు’ అనడం ‘ఒంట్లో బాగోలేదు’ అనడం లాంటిది. ఆ ఒక్క మాట విని ఏ డాక్టరూ మందు రాయలేడు. పెళ్లయిన మూడు నెలలకు స్టూడియో వాళ్లు ఇచ్చిన పెన్‌డ్రైవ్‌ను కంప్యూటర్‌కు పెట్టి, ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి కూర్చుంటారు. ఒక ఇంట్లో తెర నల్లగా ఉండి సన్నాయి మాత్రం వినిపిస్తుంది. ఇంకో ఇంట్లో జీలకర్ర బెల్లం దగ్గర పెళ్లికొడుకు చెయ్యి గాల్లోనే ఆగిపోతుంది, పురోహితుడి మంత్రం మాత్రం సాగిపోతూ ఉంటుంది. మరో ఇంట్లో బొమ్మ అద్దంలా వస్తుంది గానీ శబ్దం ఉండదు. ముగ్గురూ చెప్పేది ఒకటే మాట. మరమ్మతు మాత్రం మూడు వేర్వేరు చోట్ల.

వీడియో ఫైలు ఎలా తయారవుతుందో కాస్త తెలిస్తే ఈ తేడా పట్టుబడుతుంది. 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు ఉన్న బొమ్మలను సెకనుకు 25 చొప్పున ఉన్నదున్నట్టు దాచాలంటే గంటకు దాదాపు 560 జీబీ కావాలి. అదే గంట వీడియో పెన్‌డ్రైవ్‌లో మూడు నాలుగు జీబీలకు మించదు. అంతలా కుదించి, చూసేటప్పుడు మళ్లీ విప్పే పద్ధతినే కోడెక్ అంటారు. కుదించిన బొమ్మనూ శబ్దాన్నీ కలిపి పెట్టే డబ్బా వేరు. ఎంపీ4, ఎమ్‌కేవీ, ఏవీఐ అన్నవి ఆ డబ్బాల పేర్లు. ఫైలు పేరు చివర కనిపించేది డబ్బా పేరే తప్ప లోపల ఏముందో అది చెప్పదు. హార్లిక్స్ సీసాలో కందిపప్పు పోసుకునే వంటిళ్లకు ఈ సంగతి కొత్త కాదు. అందుకే ఎమ్‌కేవీ అన్న చోట ఎంపీ4 అని పేరు మార్చి చూసే చిట్కా సాధారణంగా పని చేయదు.

తెర నల్లగా ఉండి శబ్దం వస్తోందంటే సాధారణంగా బొమ్మ కోడెక్ ఆ ప్లేయర్‌కు తెలియదన్న మాట. ఈ రోజుల్లో ఎక్కువగా తగిలేది 2013లో ఖరారైన హెచ్‌ఈవీసీ. దాన్నే హెచ్.265 అనీ అంటారు. పాత హెచ్.264తో పోలిస్తే దాదాపు సగం చోటులో అదే నాణ్యత ఇస్తుంది. 2017లో ఐఓఎస్ 11 వచ్చినప్పటి నుంచి కొత్త ఐఫోన్లు మామూలుగా ఇందులోనే రికార్డు చేస్తున్నాయి. అమెరికాలో ఉన్న కొడుకు పంపిన మనవడి వీడియో ఇక్కడి పాత కంప్యూటర్లో తెరుచుకోకపోవడానికి తరచూ ఇదే కారణం. విండోస్ 10లో చాలాచోట్ల ఈ కోడెక్‌ను మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో డబ్బు పెట్టి విడిగా కొనాలి. అంత అక్కర్లేదు, ఉచితంగా దొరికే వీఎల్‌సీ వేసుకుంటే చాలు. 1996లో పారిస్ శివారులోని ఒక ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన ఈ ప్లేయర్ తన కోడెక్‌లను తనతోనే మోసుకొస్తుంది, కంప్యూటర్‌ను అడగదు. ‘మీ కోడెక్ పాతబడింది, ఇక్కడ నొక్కండి’ అని ఏదైనా సైటు పిలిస్తే మాత్రం అటు పోకూడదు. వైరస్‌లు ఇళ్లలోకి దూరిన పాత దారుల్లో అదొకటి.

వీఎల్‌సీలో కంట్రోల్, జె మీటలు కలిపి నొక్కితే డబ్బాలో ఏముందో బయటపడుతుంది: ఏ కోడెక్, ఎన్ని చుక్కలు, సెకనుకు ఎన్ని బొమ్మలు, శబ్దం ఏ రకం. మెకానిక్‌ను పిలిచే ముందు ఈ నాలుగు ముక్కలు కాగితం మీద రాసిపెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. అదే ఫైలును ఇంకో ప్లేయర్‌లో, ఇంకో ఫైలును ఇదే ప్లేయర్‌లో వేసి చూస్తే తప్పు ఫైలుదో ప్లేయర్‌దో తేలిపోతుంది.

ఆగి ఆగి ఆడే వీడియోది అసలైన చిక్కు. ముందు గమనించాల్సింది ఎక్కడ ఆగుతోందన్నది. ఎన్నిసార్లు వేసినా సరిగ్గా తలంబ్రాల దగ్గరే ఆగితే లోపం ఫైలులో ఉంది, లేదా డీవీడీ మీద గీత పడింది. ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ ఆగితే కంప్యూటర్‌నో పెన్‌డ్రైవ్‌నో అనుమానించాలి. అప్పుడు ముందు ఫైలును పెన్‌డ్రైవ్ నుంచి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి ఆడించాలి. నాసిరకం పెన్‌డ్రైవ్ ఇచ్చే వేగం 4కే వీడియోకు ఒక్కోసారి చాలదు. చాలా ఇళ్లలో కథ అక్కడితో ముగిసిపోతుంది.

ముగియకపోతే వీడియో ఆడుతుండగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్ తెరవాలి. ప్రాసెసర్ నూటికి నూరు శాతం దగ్గర ఎగురుతూ, గ్రాఫిక్స్ కింద ‘వీడియో డీకోడ్’ గీత నేలకు అంటుకుపోయి ఉంటే, విప్పే పనంతా ప్రాసెసర్ ఒక్కటే మోస్తోందని అర్థం. హెచ్‌ఈవీసీని పూర్తిగా చిప్‌లోనే విప్పే ఏర్పాటు ఇంటెల్‌లో 2015 నాటి 6వ తరంతో వచ్చింది. రంగుకు 10 బిట్లు వాడే వీడియోకైతే 7వ తరం కావాలి. అంతకన్నా పాత యంత్రంతో గొడవ పడి లాభం లేదు. స్టూడియో వాళ్లను అడిగి హెచ్.264లో, 1080 చుక్కల ఎత్తుకు తగ్గించిన కాపీ తెచ్చుకోవడం మేలు. చిప్‌కు ఆ శక్తి ఉండీ పని చేయకపోతే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను తయారీదారు సైటు నుంచి కొత్తది వేయాలి.

ఇక్కడో తమాషా ఉంది. విప్పే పనిని చిప్‌కు అప్పగించే ‘హార్డ్‌వేర్ యాక్సిలరేషన్’ అనే మీట ప్లేయర్ సెట్టింగుల్లో ఉంటుంది. అది ఆగిపోయే వీడియోకు వేస్తే మందు, తెర ఆకుపచ్చగా మారినా ముఖాలు గళ్లు గళ్లుగా చెదిరినా ఆపేస్తే మందు. ఉన్న స్థితికి ఎదురుగా తిప్పి చూడడమే తప్ప ఇందులో పెద్ద శాస్త్రం లేదు. ఒక్కసారి ఒక్క మార్పే చేయాలి, ఏది చేశారో గుర్తుంచుకోవాలి.

శబ్దం రాని కేసుల్లో నవ్వు తెప్పించేవే ఎక్కువ. కంప్యూటర్‌ను హెచ్‌డీఎంఐ తీగతో టీవీకి కలిపితే శబ్దం స్పీకర్లను వదిలి టీవీలోకి పోతుంది, టీవీ సౌండేమో సున్నాలో ఉంటుంది. గడియారం పక్కనున్న స్పీకర్ గుర్తు మీద నొక్కి దారి మార్చితే చాలు. పెదవులొక చోట, మాటొక చోట ఉంటే వీఎల్‌సీలో జె, కె మీటలతో శబ్దాన్ని కొద్దికొద్దిగా ముందుకూ వెనక్కీ జరపవచ్చు. పాత పెళ్లి డీవీడీల్లో మనిషి కదిలినప్పుడల్లా అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. టీవీల కోసం ఒక్కో బొమ్మను రెండు సగాలుగా చీల్చి రికార్డు చేసిన కాలం అది. వీఎల్‌సీలో డి మీట నొక్కితే ఆ సగాలు అతుక్కుంటాయి.

తెలుగు సబ్‌టైటిల్స్ బదులు డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తే, ప్లేయర్ సెట్టింగుల్లో సబ్‌టైటిల్ ఫాంటుగా గౌతమి గానీ నిర్మల గానీ పెట్టాలి. పిచ్చి గుర్తులు వస్తే ఆ సబ్‌టైటిల్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి యూటీఎఫ్-8గా దాచాలి.

యూట్యూబ్ ఆగితే అందరూ ముందు రూటర్‌ను తిడతారు. వీడియో మీద మౌస్ కుడి మీట నొక్కి తెరిచే సాంకేతిక వివరాల్లో, జారిపోయిన ఫ్రేముల లెక్క పెరుగుతూ పోతుంటే తప్పు కంప్యూటర్‌ది. బఫర్, అంటే ముందుగా దించుకున్న నిల్వ, సున్నాకు పడిపోతుంటే అప్పుడు రూటర్‌ను తిట్టవచ్చు.

చివరికి, ఏ ప్లేయర్‌లోనూ తెరుచుకోని ఎంపీ4 ఒకటి మిగులుతుంది. చాలా కెమెరాలు ఏ బొమ్మ ఎక్కడుందో చెప్పే పట్టికను రికార్డింగ్ ఆపినప్పుడే ఫైలులో రాస్తాయి. మధ్యలో బ్యాటరీ అయిపోయినా మెమరీ కార్డు లాగేసినా బొమ్మలన్నీ ఉంటాయి, పట్టిక ఉండదు. అదే కెమెరాతో తీసిన మరో మంచి ఫైలును నమూనాగా పెట్టి ఆ పట్టికను తిరిగి కట్టే ప్రోగ్రాములు ఉన్నాయి. తరచూ ఫలిస్తాయి కూడా. కార్డు మీద ఇంకేమీ రికార్డు కాకుండా ఉంటేనే ఆ ఆశ. కాబట్టి స్టూడియోకు వెంటనే ఫోన్ చేసి కార్డు పక్కన తీసి పెట్టించండి, లేకపోతే రేపటి పెళ్లికి వాళ్లు దాన్నే వాడేస్తారు.