వదినతో పందెం... 64 రోజుల్లో సౌధం!

పారిస్ పడమటి అంచున, బొలోన్ వనంలో ఉన్న బగతెల్ సౌధం ఓ పందెం కోసం పుట్టిందంటే నమ్ముతారా?

ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ తమ్ముడు ఆర్త్వా ప్రభువు 1775లో ఇక్కడి పాత విడిదిని కొన్నాడు. దాన్ని పడగొట్టి మూడు నెలల్లో కొత్తది కట్టలేవంటూ వదినగారైన రాణి మేరీ ఆంటోనెట్ లక్ష లివర్ల పందెం కాసింది.

1777 సెప్టెంబరులో పని మొదలైంది. సుమారు 900 మంది కూలీలు రేయింబవళ్లు శ్రమించారు. రాయీ సున్నం చాలకపోతే రాజభటులు దారికాచి, వేరేవాళ్ల బండ్లను ఇటు మళ్లించారు. 64 రోజుల్లో ఇల్లు సిద్ధం! పందెం నెగ్గినా, ఖర్చు దానికి ఎన్నో రెట్లు.

ఆ హడావుడి మాత్రం కట్టడంలో కనిపించదు. ఆర్కిటెక్ట్ బెలాంజే మెలికల నగిషీల జోలికి పోలేదు. గ్రీకు, రోమన్ పద్ధతిలో తిన్నని గీతలు, ఇరువైపులా ఒకే కొలతలు, మధ్యలో గుమ్మటం కింద గుండ్రని హాలు... అంతే. ప్రభువు పడకగదిని మాత్రం సైనిక గుడారంలా తీర్చాడు. స్నానాలగదికి హ్యూబర్ రాబేర్ వేసిన ఆరు చిత్రాలు ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి.

ఫ్రెంచిలో బగతెల్ అంటే 'చిన్నపాటి ముచ్చట'. ఇలాంటి ముచ్చట్లే జనాగ్రహానికి ఆజ్యం పోశాయి. 1793లో రాణి తల తెగింది. పదో చార్లెస్‌గా గద్దెనెక్కిన ఆర్త్వా 1830 విప్లవంలో దాన్ని పోగొట్టుకున్నాడు. 1905లో పారిస్ నగరం ఈ ఎస్టేటును కొనేసింది. రాచకుటుంబం విడిది చేసిన తోటలో ఇప్పుడు అందరూ తిరగొచ్చు. ఇక్కడి పందేలంటారా... 1907లో మొదలైన కొత్త గులాబీల పోటీయే!